బెర్లిన్ నొయ్‌క్యోల్న్‌లో ఇల్లు దొరికిందా? మొదటి నెల ఏం చెయ్యాలి, ఏ వరసలో చెయ్యాలి

నెలకి ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతారు, "అన్నా, హెర్మన్‌ప్లాట్స్ దగ్గర రూమ్ ఉందంటున్నారు, తీసుకోవచ్చా, దిగాక ముందు ఏం చెయ్యాలి" అని. ఒక్కొక్కళ్ళకీ వాట్సాప్‌లో టైప్ చేసి చేసి వేళ్ళు నొప్పెట్టాయి, అందుకే అంతా ఒకేచోట రాసేస్తున్నా. ఇది రింగ్ లైన్ (సిటీ మధ్య భాగం చుట్టూ తిరిగే రైలు మార్గం) లోపలుండే నొయ్‌క్యోల్న్ గురించి, దాన్ని ఆనుకుని ఉన్న క్రొయిట్స్‌బెర్గ్ గురించి. నేనుండేది ఇక్కడే.

ముందే ఒక మాట. ఇక్కడ రోడ్డు చప్పుడు తగ్గించడం మీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. మీ చేతిలో ఉన్నవి రెండు: పడుకునే గది ఏ వైపుందో చూసుకుని తీసుకోవడం, బిల్డింగులో నలుగురికి మీ మొహం తెలిసేలా చూసుకోవడం. ఈ రెండూ కుదిరితే ఇంత మంచి ఏరియా ఇంకోటి ఉండదు, కుదరకపోతే మూడో నెలకే వేరే ఇల్లు వెతుక్కుంటారు.

1. ఇల్లు చూసే ముందు వీధి చూడండి, రెండుసార్లు

ఇల్లు చూపించడానికి పిలిచేది ఎప్పుడూ మధ్యాహ్నం మూడింటికో నాలుగింటికో, అప్పుడు ఏ వీధైనా బుద్ధిగానే ఉంటది. మీరు శుక్రవారం రాత్రి పదకొండింటికి ఇంకోసారి వెళ్ళి బిల్డింగ్ ముందు పది నిమిషాలు నిలబడండి.

- కింద బార్ గానీ ష్పేటి గానీ ఉందా (ష్పేటి అంటే అర్ధరాత్రి దాకా తెరిచుండే మన కిళ్ళీకొట్టు లాంటిది), దాని ముందు బెంచీలు వేశారా? బెంచీలుంటే జనం రెండింటి దాకా అక్కడే.
- వీధి పేరు చూడండి. జొన్నెన్‌అల్లే మీద ఎం41 బస్సు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటది. హెర్మన్‌ష్ట్రాసె కింద యూ8, కార్ల్ మార్క్స్ ష్ట్రాసె కింద యూ7 మెట్రో (యూబాన్) రైళ్ళు వెళ్తాయి, కింద అంతస్తుల్లో నేల కొంచెం వణకడం తెలుస్తది.
- రెండు సందులు లోపలికెళ్తే చప్పుడు సగానికి పడిపోద్ది, అద్దెలో మాత్రం పెద్ద తేడా ఉండదు. అందుకే మెయిన్ రోడ్డు మీద ఇల్లని మురిసిపోవద్దు.

2. ముందు ఇల్లా, వెనక ఇల్లా

అందరూ తప్పు చేసేది ఇక్కడే కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

ఇక్కడి పాత బిల్డింగులు మన మండువా ఇళ్ళ లాగా మధ్యలో వాకిలి వదిలి కడతారు. వీధి వైపు ఉండేది ఫోర్డర్‌హౌస్, మధ్యలో వాకిలి హోఫ్, పక్క రెక్క జైటెన్‌ఫ్ల్యూగెల్, హోఫ్ దాటాక వెనకుండేది హింటర్‌హౌస్. ప్రకటనల్లో వీ.హెచ్., ఎస్.ఎఫ్., హెచ్.హెచ్. అని పొట్టిగా రాసేస్తారు, ఆ రెండక్షరాలు చూడకుండా ఫోటోలు చూసి మోసపోతాం.

హింటర్‌హౌస్ అయితే వీధి చప్పుడు దాదాపు వినపడదు. బదులుగా వెలుతురు తక్కువ. డిసెంబర్లో ఇక్కడ సాయంత్రం నాలుక్కే చీకటి పడిపోద్ది, అలాంటప్పుడు హింటర్‌హౌస్ గ్రౌండ్ ఫ్లోర్‌లో రోజంతా లైటు వేసుకు కూర్చుంటే మనిషికి దిగులు పట్టుకుంటది, ఇది నేను ఊరికే అనట్లా. నా లెక్క ఏంటంటే హింటర్‌హౌస్ అయితే రెండో అంతస్తు పైన, ఫోర్డర్‌హౌస్ అయితే పడగ్గది హోఫ్ వైపు ఉన్నది మాత్రమే. లిఫ్ట్ ఉండదు, నాలుగో అంతస్తుకి బియ్యం బస్తా మోసుకెళ్ళాల్సిందే, మోకాళ్ళు చూసుకుని నిర్ణయించుకోండి.

ఇల్లు చూసేటప్పుడు మొహమాటం లేకుండా చెయ్యాల్సినవి:

- కిటికీలన్నీ మూసి, మాట్లాడకుండా రెండు నిమిషాలు నిలబడండి. చూపించేవాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి.
- హోఫ్‌లోకి తొంగి చూడండి. చెత్త డబ్బాలు సరిగ్గా మీ కిటికీ కిందే ఉంటే పొద్దున్నే సీసాల చప్పుడుతో లేస్తారు. హోటల్ వంటగది గొట్టం అటే ఉంటే ఇల్లంతా నూనె వాసన.
- బయటి గోడల మూలల్లో, కిటికీ కింద, మంచం వెనక బూజు మచ్చలున్నాయేమో చూడండి. కొత్తగా ఒక్క గోడకే రంగేసి ఉంటే అనుమానించండి.

3. డబ్బు పంపే ముందు

అద్దె రెండు రకాలుగా రాస్తారు. కాల్ట్‌మీటె అంటే ఉత్త గదులకి, వార్మ్‌మీటె అంటే మెయింటెనెన్స్‌తో కలిపి, మామూలుగా హీటింగ్ కూడా అందులోనే. కరెంటు, ఇంటర్నెట్ చాలాసార్లు దీనికి అదనం, అడిగి తెలుసుకోండి.

డిపాజిట్‌ని కౌత్సియోన్ అంటారు. చట్ట ప్రకారం మూడు కాల్ట్‌మీటెల కన్నా ఎక్కువ అడగకూడదు, అది కూడా మూడు సమాన వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది, మొదటిది అద్దె మొదలైనప్పుడు. చాలామందికి ఈ సంగతి తెలీక ఊళ్ళో అప్పు చేసి మరీ ఒకేసారి కట్టేస్తున్నారు.

"ఓనర్ వేరే దేశంలో ఉన్నాడు, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాడు" అంటే అది మోసం, ఇంకో ఆలోచన వద్దు. ఇండియా నుంచే బుక్ చేసుకోవాల్సొస్తే ఇక్కడున్న ఎవరినైనా ఒకసారి వెళ్ళి చూసి రమ్మనండి, సీనియర్లకి ఒక బిర్యానీ బాకీ ఉంటారు అంతే.

సంతకం పెట్టే ముందు అడగాల్సినవి మూడు:

- ఈ అడ్రస్ మీద అన్‌మెల్‌డుంగ్ చేస్కోవచ్చా? (అంటే అడ్రస్ రిజిస్ట్రేషన్.) "చూద్దాం" అన్నారంటే కుదరదనే అర్థం.
- అసలు అద్దెదారు దగ్గర మీరు గది తీసుకుంటుంటే, దానికి ఓనర్ అనుమతి కాగితం ఉందా?
- డిపాజిట్ బ్యాంకు ద్వారా తీసుకుంటారా? చేతికి క్యాష్ ఇచ్చి రసీదు లేకుండా రావద్దు.

4. తాళాలు తీసుకునే రోజు

ఆ రోజు ఇల్లు చూసుకుని సంబరపడటానికి టైముంటది, ముందు ఉన్న లోపాలన్నీ రాసుకునే కాగితం నింపండి. దాన్ని ఊబర్‌గాబె‌ప్రోటోకోల్ అంటారు, నోరు తిరక్కపోయినా పర్లేదు, ఇద్దరి సంతకాలు పడితే చాలు.

- నేల మీద గీతలు, పగిలిన టైల్, సరిగ్గా మూసుకోని కిటికీ, అన్నీ ఫోటోలు తీసి అదే రోజు ఓనర్‌కి మెయిల్ చెయ్యండి, తేదీ దాంట్లో ఉండిపోద్ది.
- కరెంటు మీటర్ నంబరు, రీడింగ్ ఫోటో తీయండి. ఇల్లంతా మీ పేరు మీదే తీసుకుంటే కరెంటు కంపెనీని మీరే ఎంచుకోవాలి, ఎంచుకోకపోయినా కరెంటు వస్తది గానీ ఏరియా డీఫాల్ట్ కంపెనీ రేటు పడుతుంది, మామూలుగా అది ఎక్కువ. దాంట్లోంచి రెండు వారాల నోటీసుతో బయటికి రావచ్చు.
- తాళాలు ఎన్ని ఇచ్చారో లెక్కపెట్టి రాయించండి: వీధి తలుపు, ఇంటి తలుపు, పోస్ట్ డబ్బా, కింద సెల్లార్.
- వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. ఇంత పొడుగు పేరున్న ఈ ఒక్క పేజీ కాగితమే అన్‌మెల్‌డుంగ్‌కి ప్రాణం, మీరు ఆ ఇంట్లో దిగారని ఇల్లిచ్చినవాళ్ళు సంతకం పెట్టివ్వాలి. ఒక్క అగ్రిమెంట్ చూపిస్తే ఒప్పుకోరు. అప్పటికప్పుడే సంతకం పెట్టించుకోండి, తర్వాత ఫోన్లెత్తరు.

5. మొదటి గంటలో పేరు అంటించండి

ఇక్కడ అడ్రస్‌లో ఫ్లాట్ నంబరు ఉండదు. పోస్ట్‌మ్యాన్ వీధి నంబరు చూసి లోపలికొచ్చి డబ్బాల మీద పేర్లు చదువుతాడు, మీ పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోద్ది, అంతే. బ్యాంకు కార్డు, ఇన్సూరెన్స్ కార్డు, ట్యాక్స్ నంబరు అన్నీ ఆ డబ్బాలోకే రావాలి.

మనకి ఇంకో చిక్కు, మన ఇంటిపేర్లు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఒకటి, అమెజాన్‌లో ఇంకోటి, ఆఫీసులో మూడోది. డబ్బా మీద పాస్‌పోర్టులో ఎలా ఉందో అలా రాయండి, మీ పేరు మీద ఎక్కువగా వచ్చే ఇంకో రూపం ఉంటే అది కూడా పక్కన రాయండి. కాగితం ముక్క మీద పెన్నుతో రాసి టేప్ వేసినా చాలు, బెల్ దగ్గర పక్కా బోర్డు మాత్రం హౌస్‌ఫెర్వాల్టుంగ్ వాళ్ళు, అంటే బిల్డింగ్ చూసుకునే ఆఫీసు వాళ్ళు, వాళ్ళ తీరిక చూసుకుని వేస్తారు.

6. పద్నాలుగు రోజుల్లో అన్‌మెల్‌డుంగ్

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు మునిసిపల్ ఆఫీసు అయిన బ్యూర్గర్‌ఆమ్ట్‌లో రిజిస్టర్ అవ్వాలి. నొయ్‌క్యోల్న్ ఆఫీసులోనే అవ్వాలని రూలేం లేదు, బెర్లిన్‌లో ఏ బ్యూర్గర్‌ఆమ్ట్ అయినా పర్లేదు. స్లాట్ దొరక్కపోతే పొద్దున్నే పేజీ రీఫ్రెష్ చేస్తూ కూర్చోండి, వేరేవాళ్ళు క్యాన్సిల్ చేసుకున్నవి అప్పుడప్పుడు పడుతుంటాయి, తత్కాల్ టికెట్లు కొట్టిన చేతులకి ఇదేం లెక్క కాదు. స్లాట్ రెండు వారాలు దాటి దొరికితే బుక్ చేసుకున్న రుజువు దాచుకోండి.

తీసుకెళ్ళాల్సినవి: పాస్‌పోర్టు, నింపిన ఫారం, పైన చెప్పిన పొడుగు పేరు కాగితం.

ఫారంలో మతం అని ఒక గడి ఉంటది. అక్కడ కేథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో నింపితే చర్చి ట్యాక్స్ మొదలవుద్ది, బెర్లిన్‌లో అది మీ ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 9 శాతం. మన క్రిస్టియన్ ఫ్రెండ్స్ కొంతమంది తెలీక రాసేసి, జీతం స్లిప్ చూశాక లబోదిబోమన్నారు. రాసేముందే తెలుసుకుని రాయండి.

ఆ తర్వాత ఇంటికొచ్చే ఉత్తరాలు:

- ట్యాక్స్ ఐడీ, కొన్ని వారాల్లో. ఉద్యోగంలో చేరినవాళ్ళు ఇది ఇవ్వకపోతే క్లాస్ 6 (అన్నిటికన్నా ఎక్కువ పన్ను పడే వర్గం) కింద గట్టిగా కోస్తారు, తర్వాత తిరిగొస్తది గానీ మొదటి జీతం చూసి గుండె జారుద్ది.
- రేడియో టీవీ ఫీజు, నెలకి 18.36 యూరోలు. టీవీ లేకపోయినా కట్టాలి. మనిషికి కాదు, ఇంటికి ఒక్కటి, కాబట్టి రూమ్మేట్ ఆల్రెడీ కడుతుంటే వాళ్ళ ఫీజు ఖాతా నంబరు రాసి పంపండి. ఉత్తరం చూడనట్టు పక్కన పడేస్తే బాకీ పెరుగుతూ పోద్ది.

7. తలుపు, తాళం, పక్కింటాయన

ఇక్కడి ఇంటి తలుపులకి బయటివైపు తిప్పే హ్యాండిల్ ఉండదు. గాలికి టప్‌మని పడిందంటే మీరు బయట, తాళం లోపల.

నేనొచ్చిన మొదటి ఫిబ్రవరిలో పొయ్యి మీద పప్పు పెట్టి, చెత్త సంచి పట్టుకుని చెప్పులతో హోఫ్‌లోకి దిగాను, రెండు నిమిషాల పనే కదా అని. పైకొచ్చేసరికి తలుపు పడింది. ఫోన్ లోపలే, స్వెట్టర్ లోపలే. పావుగంటకి పప్పు అడుగంటి పొగ అలారం కుయ్యో అని మొదలుపెట్టింది, ఆ చప్పుడుకి కింద ఫ్లోర్ టర్కీ పెద్దాయన పైకొచ్చాడు. ఆయన ఫోన్ నుంచే తాళాలు తీసే ఒక కంపెనీకి చేస్తే 380 యూరోలన్నారు. పెద్దాయన ఫోన్ లాక్కుని పెట్టేసి, ఇంట్లోకెళ్ళి నీళ్ళ బాటిల్, కత్తెర తెచ్చి, బాటిల్ మధ్యలోంచి పోస్టుకార్డంత ప్లాస్టిక్ ముక్క కోసి, తలుపు సందులో పైనుంచి కిందకి జరుపుతూ భుజంతో నెట్టాడు, నాలుగోసారికి టక్కుమని వచ్చేసింది. గిన్నె నల్లగా మాడిపోయింది. మర్నాడు పులిహోర చేసి ఇచ్చాను, అప్పట్నుంచి నా రెండో తాళం వాళ్ళింట్లోనే ఉంటది.

కాబట్టి:

- దిగిన మొదటి వారంలోనే పక్కింటి, కింది ఇంటి బెల్ కొట్టి పేరు చెప్పండి. ఏదన్నా స్వీటు తీసుకెళ్ళండి, గులాబ్ జామ్ పనిచేస్తది, ఎక్కువ కారంది మాత్రం మొదటిసారే వద్దు. జర్మన్ రాకపోతే "హలో, ఇఖ్ బిన్ నొయ్ హియర్" (నేనిక్కడ కొత్త) అనండి, సరిపోద్ది.
- నమ్మకం కుదిరాక ఒక తాళం వాళ్ళ దగ్గరో, ఊళ్ళో ఉన్న ఫ్రెండ్ దగ్గరో ఉంచండి.
- తాళాలు తీసేవాళ్ళని పిలవాల్సొస్తే నెట్‌లో పైన కనపడే యాడ్స్ నొక్కొద్దు. "తలుపు పడింది, తాళం వెయ్యలేదు" అని చెప్పి, రావడంతో కలిపి మొత్తం ఎంతో ఫోన్‌లోనే చెప్పించండి. ఊరికే పడిన తలుపుకి తాళం డ్రిల్ చెయ్యక్కర్లేదు.
- హాఫ్ట్‌ఫ్లిష్ట్ అనే ఇన్సూరెన్స్ (మీ వల్ల వేరేవాళ్ళకి జరిగిన నష్టానికి కట్టేది) తీసుకోండి, తాళం పోగొట్టుకోవడం కవర్ అయ్యేది చూసి. బిల్డింగ్ మొత్తానికి ఒకే తాళాల వ్యవస్థ ఉన్నచోట మీరు ఒక్క తాళం పోగొడితే అందరివీ మార్చాల్సి రావచ్చు, ఆ బిల్లు వేలల్లో ఉంటది.

పార్సిళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. మీరు లేకపోతే డెలివరీ అబ్బాయి పక్కింట్లో ఇచ్చి, ఆ పేరు రాసిన చీటీ వేసి పోతాడు. ఆ పేరెవరో తెలియాలంటే ముందు మనుషులు తెలియాలి కదా. వాళ్ళ పార్సిళ్ళు మీరూ తీసుకోండి.

8. చప్పుడు: వాళ్ళది, మనది

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా, ఆదివారాలూ పండగ రోజుల్లో పూర్తిగా, గోల చెయ్యకూడదు. వీధికి ఈ రూలు తెలిసినట్టే ఉండదు, బిల్డింగులో మాత్రం గట్టిగా పట్టించుకుంటారు.

మన వైపు తప్పులు ఎక్కువగా ఇవీ: రాత్రి పదిన్నరకి మిక్సీలో కొబ్బరి పచ్చడి, ఆదివారం గోడకి డ్రిల్లు, అర్ధరాత్రి స్పీకర్లో ఇంటికి వీడియో కాల్. పాత ఇళ్ళలో చెక్క నేల, మిక్సీ తిరిగితే కింది వాళ్ళ దీపం ఊగుద్ది. మిక్సీ కింద టవల్ మడతపెట్టి వెయ్యండి, పొడులూ పచ్చళ్ళూ సాయంత్రమే కానిచ్చేయండి. పార్టీ ఉంటే మూడు రోజుల ముందే మెట్ల దగ్గర తేదీ, టైము, ఫోన్ నంబరు రాసి చీటీ అంటించండి.

కింద బార్ గోల భరించలేకపోతున్నారా? రాత్రి ఒంటిగంటకి కోపంగా దిగొద్దు. మర్నాడు సాయంత్రం ఆరింటికి, ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళి ఓనర్‌తో మాట్లాడండి, బయటి బెంచీలు కొంచెం జరపమని అడిగితే చాలాసార్లు వింటారు. వినకపోతే వారం పాటు తేదీలు, టైములు రాసి హౌస్‌ఫెర్వాల్టుంగ్‌కి పంపండి. ఊరికే "చాలా గోలగా ఉంది" అని రాస్తే ఎవరూ కదలరు.

9. పోపు, పొగ, బూజు

గదుల్లో, నడవాలో పొగ అలారాలు ఉండాలని బెర్లిన్‌లో రూలు. ఎండుమిర్చి పోపు పెట్టే ముందు వంటగది తలుపు మూసి కిటికీ తెరవండి, తర్వాత నూనె పెట్టండి, ఈ వరస మార్చొద్దు. పొగొచ్చిందని మెట్ల వైపు తలుపు తీస్తే ఆ ఘాటు నాలుగు అంతస్తులూ తిరిగొస్తది.

చలికాలంలో కిటికీ రోజంతా ఓరగా వంచి వదిలేయడం మనవాళ్ళందరూ చేసే తప్పు. గోడలు చల్లబడి అక్కడే బూజు పడుతుంది. రోజుకి రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తెరిచి ఐదు పది నిమిషాలు ఉంచి మూసెయ్యండి. హీటర్ 3 మీద పెడితే సుమారు 20 డిగ్రీలు ఉంటది. 5 మీద పెట్టినంత మాత్రాన ఇంకా తొందరగా ఏం వేడెక్కదు, బిల్లు మాత్రం ఎక్కుద్ది.

10. చెత్త, ఆదివారం, సరుకులు

నీలం డబ్బాలో కాగితం, బ్రౌన్ డబ్బాలో కూర తొక్కలూ మిగిలిన అన్నం, ఆరెంజ్ లేదా పసుపు దాంట్లో ప్లాస్టిక్, రేకు, మిగతాదంతా నల్లదాంట్లో. బ్రౌన్ డబ్బాలో ప్లాస్టిక్ సంచితో వెయ్యొద్దు, కరిగిపోద్ది అని రాసున్న సంచులు కూడా. గాజు తెల్లది వేరు, రంగుది వేరు, ఆదివారం వెయ్యొద్దు. 25 సెంట్ల డిపాజిట్ ఉన్న బాటిళ్ళు, క్యాన్లు సూపర్ మార్కెట్ మెషీన్లో వేసి డబ్బు తీసుకోండి. పాత సోఫా రోడ్డు మీద వదిలెయ్యడం ఇక్కడ అందరూ చేస్తారు, అయినా దొరికితే ఫైనే.

ఆదివారం షాపులు మూత. శనివారం రాత్రే పాలు, పెరుగు చూసుకోండి, మర్చిపోతే మెయిన్ స్టేషన్ హౌప్ట్‌బాన్‌హోఫ్‌లో సూపర్ మార్కెట్ తెరిచుంటది.

కూరగాయలకి మైబాఖ్‌ఊఫర్ కాలవ గట్టున మంగళ, శుక్రవారాల్లో టర్కీ సంత. ఆఖరి గంటలో వెళ్తే "ఒక్క యూరో, ఒక్క యూరో" అని అరుస్తూ గంపలు ఖాళీ చేస్తారు, అడుగున ఉన్నవి మెత్తబడ్డాయేమో చూసి తీసుకోండి. కొత్తిమీర కట్ట చేతికి పట్టనంత ఉంటది, బెండకాయ, పచ్చిమిర్చి టర్కీ, అరబ్ షాపుల్లోనే తీసుకోండి. వాళ్ళ దగ్గరుండే ఎర్ర పప్పు మసూర్, కందిపప్పు కాదు. కందిపప్పు, చింతపండు, కరివేపాకు కోసం ఇండియన్ షాపు. జేబులో ఓ యాభై యూరోలు క్యాష్ ఉంచుకోండి.

గుడి అడిగేవాళ్ళ కోసం: హెర్మన్‌ప్లాట్స్ పక్కన హాజెన్‌హైడె దగ్గర గణేశుడి గుడి ఉంది, యూ7 ఎక్కి బ్లాష్కోఅల్లేలో దిగితే మురుగన్ గుడి.

11. రాత్రి తిరగడం

శుక్ర, శనివారం రాత్రుళ్ళు యూబాన్ తెల్లార్లూ నడుస్తది, మిగతా రోజులు అర్ధరాత్రి దాటాక ఎన్7, ఎన్8 బస్సులు. డాయిష్‌లాండ్ టికెట్ (దేశమంతా బస్సులు, లోకల్ రైళ్ళకి పనికొచ్చే నెల పాస్) 2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు, ఆపెయ్యాలంటే ఆ నెల 10వ తేదీలోపు చెప్పాలి. టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు ఫైన్.

హెర్మన్‌ప్లాట్స్, కొట్బుస్సర్ టోర్ రెండుచోట్లా రద్దీలో జేబులు కొట్టేస్తారు. రెండోదాన్ని ఇక్కడివాళ్ళు ముద్దుగా "కొట్టి" అంటారు, మనకి పేరులోనే హెచ్చరిక ఉంది. రైలు తలుపు దగ్గర నిలబడి ఫోన్ చూడొద్దు, తలుపులు మూసుకునే క్షణంలో లాక్కుని దిగిపోతారు. ఎవరైనా పక్కకొచ్చి ఏదో అమ్మజూస్తే ఆగకుండా "నైన్" (వద్దు) అని నడిచెళ్ళిపోండి, వెంటపడటం నేనైతే చూడలేదు.

ఫోన్లో పెట్టుకోవాల్సినవి: పోలీసు 110, అంబులెన్సూ ఫైరూ 112, ప్రాణాపాయం లేని జ్వరం లాంటివాటికి రాత్రయినా 116117.

ఇక డిసెంబర్ 31 రాత్రి. జొన్నెన్‌అల్లే వైపు టపాసులు మన దీపావళిలా పైకే కాల్చరు, అడ్డంగా కూడా కాలుస్తారు. మొదటి ఏడాది లోపల్నుంచే చూడండి, కిటికీలు మూసి, బాల్కనీలో ఆరేసిన బట్టలు సాయంత్రమే తీసేయండి.